పూత రాకముందే

నా భార్య పోయి నెల దాటింది. ఉదయం టీ తాగి, గ్లాసు కడగడానికి లేచి, వంటింటి గడప దగ్గర కూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. తెలిసినవాళ్లందరికీ కబురు పంపలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

లింగసుగూరు నుంచి హట్టికి బస్సులో వెళ్లినవాళ్లు ఆమె పని చూసే ఉంటారు. రోడ్డు పక్కన, కరెంటు తీగల కింద అల్లుకునే సర్కారు తుమ్మనూ, వయ్యారిభామ గడ్డినీ తీసే ఆడవాళ్ల జట్టుకు ఆమె పెద్ద. ఆ పనికి ఉత్తర్వులు పంపే ఆఫీసులో నేను గుమాస్తాను. మా కాగితం ఏటా ఆలస్యంగానే వెళ్లేది. అప్పటికి వయ్యారిభామ తెల్లగా పూసి ఉండేది.

"ఏందయ్యా, మీ ఆఫీసుల వాన పడదా?" అనేది. "పూతొచ్చినంక పీకితే మనమే ఇత్తనాలు చల్లినట్టు."

"సంతకం కావాలి" అనేవాణ్ని.

"గట్లయితే గడ్డికి చెప్పు. సాబ్ సంతకం పెట్టేదాక పూయొద్దని."

ఆమె ఆగేది కాదు. తొలివాన పడగానే ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. చేతులకు పాత చీర పేలికలు చుట్టుకునేవాళ్లం. అయినా మోచేతుల దాకా దద్దుర్లు వచ్చేవి. నేను తొందరపడి ఆకులు పట్టి లాగేవాణ్ని. వేరు తెగేది. "మొదలు పట్టు. వేరు లోపలుంటే మల్ల వస్తది" అంటూ నా వెనకే కొడవలి మొనతో తవ్వుకుంటూ వచ్చేది. చదువుకున్నవాణ్ని నేను. నేర్పింది ఆమె.

ఒకసారి ఊళ్లో సభ పెట్టి ఆమెకు శాలువా కప్పారు, పూలగుత్తి ఇచ్చారు. గులాబీల మధ్య అందం కోసం పెట్టిన తెల్లపూలు వయ్యారిభామవే. వేదిక మీదే ఒక్కొక్క రెమ్మా తీసి కొంగున కట్టుకుంది. కింద నుంచి జట్టులో ఒకామె అరిచింది: "అక్కా, ఈడ గూడ డ్యూటీయేనా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చి వాటిని పొయ్యిలో వేశాక నవ్వింది.

ఆమె పోయిన రోజు మా ఆఫీసువాళ్లు పెద్ద పూలచక్రం తెచ్చారు. బంతిపూల మధ్య అవే తెల్లపూలు. నేను గుర్తుపట్టాను. అంతమంది ముందు చెయ్యి పెట్టలేక చేతులు కట్టుకుని నిలబడ్డాను. మాది మట్టి చేసే ఆచారం. పూడ్చిన తర్వాత ఆ చక్రాన్ని మట్టి మీదే ఉంచి వచ్చాం.

తర్వాత వానలు పడ్డాయి. మొన్న ఆదివారం సమాధి దగ్గరికి వెళ్లాను. చక్రం కుళ్లిపోయింది. దాని చుట్టూ వయ్యారిభామ మొలిచింది. నాలుగు వేళ్ల ఎత్తు. ఇంకా పూత లేదు. ఆ మట్టి మీద పచ్చగా ఉన్నది అదొక్కటే. చాలాసేపు చెయ్యి రాలేదు.

తర్వాత మొదలు పట్టి తీశాను. తొందరపడలేదు. ఒక్కొక్కటీ వేరుతో వచ్చింది. చివరిదాని వేరు తెగింది.

వేలితో తవ్వడం మొదలుపెట్టాను. ఎంత లోతు దాకా తవ్వవచ్చో తెలియలేదు. వేలు మట్టిలోనే ఉంచి అలాగే కూర్చున్నాను.