దొరసాని పరదా కారు

మా బాపు పెండ్లికి ముందు పట్నంలో ఒక నవాబు ఇంట్లో జనానా కారు నడిపేవాడు. ఆ ఇంటి ఆడవాళ్లు ఎక్కే కారు అది. వెనక సీటు చుట్టూ మందపాటి పరదాలు, డ్రైవరుకూ ఆ సీటుకూ నడుమ ఇంకో పరదా. లోపలివాళ్లు పరాయి మగవాడితో మాట్లాడరు కాబట్టి ఒక తాడు ఉండేది. దాన్ని లోపల లాగితే ముందు డ్రైవరు చెవి పక్కన చిన్న ఇత్తడి గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే పోవాలి. ఆపినప్పుడు వెనక్కి చూడకూడదు. దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు ఎక్కేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చోవాలి. ఆ కొలువు మానేసి కల్వకుర్తికి వచ్చి బండి తోలుకుని బతికిన ఏండ్లలో కూడా ఆ అలవాటు బాపును వదల్లేదు. వెనక నుంచి అమ్మ పిలిస్తే తల తిప్పకుండానే పలికేవాడు. మా అవ్వ దానికి రోజూ నవ్వేది.

నాకు తొమ్మిదో పదో ఏడు. పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, ఇంకా మొదలు కాలేదు. సొంతంగా ఒక కారు కొని కిరాయికి తిప్పాలని బాపుకు కోరిక. పెండ్లిళ్లకు, పాలమూరు కచేరీ పనులకు, శివరాత్రికి మల్లన్న దర్శనానికి పోయేవాళ్లకు అక్కరకొస్తుందని లెక్క. ఆ కోరికతోనే ఎడ్లనూ బండినీ బావి కింది పొలాన్నీ అమ్మేశాడు. కారు నడవకపోతే మాకు ఇంకేమీ మిగలదని ఇంట్లో అందరికీ తెలుసు.

అచ్చంపేట దిక్కున ఒక ఊళ్లో కోటలాంటి గడీ ఉన్న దొర తన ఇంటి పరదా కారు అమ్ముతున్నాడని దలాల్ కబురు తెచ్చాడు. ఆ దొర చిన్నకోడలికి కాన్పు కష్టమైతే ఆ కారులోనే పాలమూరు దవాఖానకు తీసుకుపోయారట. దారిలో వాగు నిండుగా పారుతుంటే ఒడ్డునే కారు ఆగిపోయింది. నీళ్లు తగ్గేలోపల ఆ చిన్న దొరసాని సీటు మీదనే ప్రాణం విడిచింది. అప్పటి నుంచి ఆ కారు ఎవరూ ఎక్కలేదు, ఆ చుట్టుపక్కల ఎవరూ కొనలేదు. దలాల్ ఏదీ దాచలేదు.

"కల్వకుర్తి దాక ఈ ముచ్చట రాలే. నువ్వు నోరు జారకుంటె ఎవలకు తెలుస్తది?" అన్నాడు.

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ దీపం ఒత్తి సరిచేస్తూ, పాపం కడుపుతో పోయిన మనిషి ఎవరికి ఏం చెడు చేస్తుంది అంది. ఆ మాటతో బేరం ఖాయమైంది. మొదటిసారి కారు ఇంటికి వచ్చేటప్పుడు ఆడపిల్ల ముందు కూర్చుంటే మంచిదని నన్ను కూడా పంపారు.

మేము పోయేసరికి పొద్దు గూకుతోంది. కారు గడీ వెనక కొట్టంలో ఉంది. నల్లటిది, పరదాలన్నీ దించి ఉన్నాయి. బాపు టైర్లను పిడికిలితో గుద్ది చూశాడు, హాండిల్ తిప్పి ఇంజన్ మీద చెవి ఆనించి విన్నాడు, బ్రేకులు తొక్కి చూశాడు. పరదా మాత్రం ముట్టుకోలేదు. దొరసాని కూర్చున్న సీటు వీధి జనం కంట పడొద్దనీ, ఊరి పొలిమేర దాటేదాకా పరదా లేపకూడదనీ దొర మాటగా గుమాస్తా చెప్పాడు. ఇంకొకరైతే కోపం తెచ్చుకునేవాళ్లు. బాపుకు అది న్యాయంగానే తోచింది. పొలిమేర కాదు, ఇంటికి పోయేదాకా లేపనన్నాడు.

దలాల్ నవ్వాడు. "సీటున్నదో ఎలుకలు తిన్నయో చూడకుంటనే కొంటవా?"

"ముందలిది నేను చూసిన. ఎనకది మా ఇంటామె దీపం వెట్టి చూస్తది."

తెల్లవారగానే బయలుదేరాం. గడీ దర్వాజా దాటి ఊళ్లోకి రాగానే ఒక వింత చూశాను. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు, అరుగుల మీది మగవాళ్లు, పేడ ఎత్తుతున్న ముసలమ్మ, అందరూ కారు చూడగానే లేచి గోడల వైపు తిరిగి నిలబడ్డారు. దొరసాని కారు పోతుంటే అట్లా నిలబడటం ఆ ఊరి కట్టడి అని బాపు చెప్పాడు. దొరసాని లేదని వాళ్లకు తెలుసు. కారు అమ్ముడుపోయిందనీ తెలుసు. అయినా ఒక్క మొహం కూడా మా వైపు తిరగలేదు. ఊరంతా వీపులే.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుక మీద తెల్లటి ఎండ పడుతోంది. చక్రాలు ఇసుకలో దిగబడకుండా బాపు మెల్లగా దాటించి ఇవతలి గడ్డ ఎక్కించాడు. ఒక రేల చెట్టు దగ్గరికి వచ్చాం. అప్పుడు బాపు చెవి పక్కన గంట మోగింది.

ఒక్కసారే.

బాపు ఆపేశాడు. ఆలోచించి ఆపింది కాదు, కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఆపిన తర్వాత గానీ కారు ఖాళీదని ఆయనకు గుర్తు రాలేదు. చేతులు చక్రం మీద అట్లాగే ఉండిపోయాయి. చెట్టు మీద పిట్ట కూడా అరవడం లేదు.

"బిడ్డా, ఎనకకు చూడకు," అన్నాడు గొంతు తగ్గించి.

నేను చూడలేదు. మల్లన్నా, మల్లన్నా అనుకుంటూ ఎదురుగా ఉన్న బాటనే చూశాను. వెనక నుంచి సాంబ్రాణి వాసన, ఎండిన మల్లెపూల వాసన వస్తున్నాయి. నా మెడకు తగులుతున్న పరదా ఒకసారి లోపలికి పీల్చుకున్నట్టయి మళ్లీ వదులైంది. గాలి లేదు. ఎంతసేపు అట్లా కూర్చున్నామో చెప్పలేను. గంట మళ్లీ మోగింది, వెంటవెంటనే రెండుసార్లు. బాపు కారు కదిలించాడు.

ఆయన మనసులో ఏముందో ఆ వయసులో కూడా నాకు తెలిసింది. గంట దానంతటదే మోగే కారును కల్వకుర్తిలో ఎవరు కిరాయికి తీసుకుంటారు?

ఇంకా కొంత దూరం పోయాక సీతాఫలం పొదల గుట్టలు వచ్చాయి. మేము ఉత్తరానికి పోతున్నాం. పొద్దు కుడి వైపు ఎక్కుతోంది, కారు నీడ నా వైపు నేల మీద పొడుగ్గా పాకుతూ మాతో పాటే వస్తోంది. భయం పోగొట్టుకోవడానికి నేను ఆ నీడనే చూస్తున్నాను. గంట మోగింది. బాపు ఆపాడు. నీడ కూడా ఆగింది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అప్పుడు కారు నీడలో నుంచి ఇంకో నీడ విడివడింది. సన్నటిది, తలమీద కొంగు కప్పుకున్నది. అది వంగి తలుపును మెల్లగా మూసింది. నేల మీద జారుకుంటూ పొదల నీడల్లో కలిసిపోయింది. ఆకు కదిలిన చప్పుడు కూడా కాసేపటికి ఆగిపోయింది. నేను తల తిప్పలేదు, చూసింది నేలనే.

బాపు అలవాటు ప్రకారం పోవడానికి గంట కోసం కాచుకున్నాడు. దిగినవాళ్లు దిగిపోయారు, ఇక ఎవరు కొడతారని నేను అనబోతున్నాను.

గంట మోగింది. రెండుసార్లు.

ఇంటి ముందు కారు ఆపగానే బాపు దిగి తొట్టి దగ్గర మొహం కడుక్కుని అరుగు మీద కూర్చుండిపోయాడు. నేను నీడ సంగతి చెప్పాను. అమ్మ దీపం వెలిగించి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని పరదా లేపింది. సీటు కింద, మనిషి ముడుచుకుని పడుకోగలిగినంత చోటులో, సగం తిన్న జొన్నరొట్టె ముక్క దొరికింది. దాని మీద పళ్ల గుర్తులున్నాయి.

అవ్వ దాన్ని తిప్పి చూసి, "దయ్యం రొట్టె తింటదా?" అంది.

గడీ నుంచి ఎవరో మనిషి ఆ కారులో దాక్కుని పారిపోయి వచ్చింది. ఆ పరదాను ఏ మగవాడూ లేపడని నమ్మి వచ్చింది. అంతవరకు తెలిసిపోయింది. చివరి గంట మాత్రం తెలియలేదు. తలుపు వేసేటప్పుడు తాడు కదిలి ఉంటుందని అమ్మ అంది. కదిలితే రెండుసార్లు మోగుతుందా అని అవ్వ అడిగింది.

అవ్వకు అసలు ఫికర్ వేరే ఉంది. గడీ మనుషులు రేపో మాపో వస్తారు. మనిషి వచ్చిందని చెబితే ఆ గుట్టలన్నీ గాలించి ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకుపోతారు. ఎవరూ రాలేదంటే నమ్మక, మన ఇల్లూ వాడా వెతుకుతారు. దొరసాని గంట కొట్టిందంటే భయపడి పోతారు గానీ, ఆ మాట పుట్టిన తర్వాత మన కారు ఎవరెక్కుతారు? బాపు అన్నీ విన్నాడు. అన్నం తినకుండా లేచిపోయాడు.

మరునాడు ఇద్దరు వచ్చారు, ఒక ముసలాయన, ఒక పడుచువాడు. గడీలో ఒక ఆడబాప కనిపించడం లేదన్నారు. దొరబిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే ఆమె వెంట చాకిరీకని పంపే పేదింటి పిల్లను ఆడబాప అంటారు. ఆ పిల్ల ఇక జీవితమంతా ఆ గడీలోనే ఉండాలి. చచ్చిపోయిన చిన్న దొరసానితో వచ్చిన పిల్ల ఈమె. దొరసాని పోయిన తర్వాత గడీలో ఆమెను కాపాడే మనిషి లేకుండా పోయింది. ఈ సంగతి వాళ్లు అనలేదు. వాళ్లు మాట్లాడే తీరులో మాకే తెలిసింది.

కారులో ఎవరన్నా వచ్చారా అని ముసలాయన అడిగాడు. బాపు నేల చూస్తూ జవాబిచ్చాడు.

"వాగు దాటినంక గంట మోగింది. ఆపిన."

"ఎవలు కొట్టిన్రు?"

"ఎనకకు చూసే అలవాటు నాకు లేదు. జరసేపైనంక రెండుసార్లు మోగింది. పోనిచ్చిన."

పడుచువాడు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. "వాగు ఏ ఒడ్డున?" అన్నాడు.

"ఇవతలి ఒడ్డున. రేల చెట్టు కాడ."

ముసలాయన తల రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "కడుపుతోని పోయినామెను మళ్ల ఊర్లకు తేవద్దన్నరు. నీళ్లు తగ్గినంక వాగు దాటించి గా చెట్టు కిందనే పండవెట్టినం. నేనే పట్టుకున్న కాళ్లు," అన్నాడు.

ఆ మాటకు మా బాపు మొహం కూడా తెల్లబోయింది. ఆ చెట్టు సంగతి ఆయనకు దలాల్ చెప్పలేదు. తన దొరసానిని పడుకోబెట్టిన చోట ఒక్క దండం పెట్టుకోవడానికి ఆ పిల్లే ఆపించి ఉంటుందని అమ్మ తర్వాత అంది. అయి ఉండవచ్చు.

పడుచువాడు నా దిక్కు తిరిగి నువ్వేమన్నా చూశావా పిల్లా అన్నాడు. ఎనకకు చూడొద్దని బాపు చెప్పిండు, చూడలే అన్నాను. సీతాఫలం గుట్టల సంగతి వాళ్లు అడగలేదు, మేము చెప్పలేదు. వాళ్లు కారుకు దూరంగా, గోడ వైపు నుంచి నడిచి వెళ్లిపోయారు.

వారం తిరగకముందే ఊరంతా తెలిసిపోయింది. పెండ్లికి కారు మాట్లాడుకున్న కోమటి సేటు ఎడ్లబండే నయమని కబురు పెట్టాడు. శివరాత్రి కిరాయిలు రాలేదు. చాయ్ హోటల్ దగ్గర, నీ కారుల ఎక్కితె ఒక్కరి కిరాయి తీస్కుంటవా, ముందుగాల కూసున్నామెది గూడ తీస్కుంటవా అని బాపును ఏడిపించేవాళ్లు. అవ్వ నోరు ఊరుకునేది కాదు. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం ఇంట్లో పొయ్యి ఆర్పుకున్నామని రోజూ అనేది. ఆ దినాల్లోనే అమ్మ నాకు అక్షరాలు దిద్దించింది. పని లేక ఇంట్లో ఉన్న బాపు లెక్కలు చెప్పాడు. రాత్రి జొన్న గటక తాగే ముందు అమ్మ దేవునికి దండం పెట్టి, ఆ పిల్ల కూడా ఎక్కడో ఇంత తిని ఉండాలి స్వామీ అనేది. నాకు చదువు వచ్చిందంటే ఆ ఆగిపోయిన కారు వల్లనే. అందుకు ఈ వయసులో కూడా దండం పెడుతుంటాను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఊరి చివర కిరస్తానీ వాడ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. కోడలు నొప్పులు పడుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది, పాలమూరు దవాఖానకు చేర్చాలి. వాళ్లు కూలి చేసుకునేవాళ్లు. అంటరానివాళ్లని మోటారు బస్సు ఎక్కనియ్యరు, బండి అందదు.

"నీ కారుల దొరసాని ఉన్నదంటరు, నిజమేనా కొడుకా?" అని అడిగింది.

బాపు అబద్ధం చెప్పలేక, "గంట మోగింది నిజం అవ్వా," అన్నాడు.

"ఉంటె ఉండనియ్యి. కాన్పు బాధ ఎరికైన ఆడిది. తోడు కూసుంటది."

అమ్మ లోపలికి పోయి పాత చీరలు తెచ్చి సీటు మీద పరిచింది. నన్ను ముందు కూర్చోబెట్టింది. కోడలిని నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారు. ముసలమ్మ కాలు లోపల పెట్టబోతూ ఆగి, సీటు మూల ఉన్న ఖాళీ వైపు చూసి, "జర జరుగు తల్లీ," అంది. ఎవరో జరిగినట్టే తాను ఆ పక్కన సర్దుకుని కూర్చుంది.

ఆ దారంతా కోడలి మూలుగు వినిపించింది. దాని నడుమ ముసలమ్మ గొంతు, యేసయ్యా అని ఒకసారి, తల్లీ చెయ్యి పట్టుకో అని ఒకసారి. ఆ రెండో మాట కోడలితో అన్నదో కాదో నాకు తెలియలేదు. పొద్దు వాలకముందే దవాఖాన చేరాం. తల్లీ బిడ్డా దక్కారు. ఆ సంగతి వాడ నుంచి వాడకు పోయింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏ బండీ ఎక్కనియ్యని వాళ్లు, జబ్బు మనుషులను మోసుకుంటూ మా ఇంటికి రావడం మొదలైంది. జొన్నలు తెచ్చేవాళ్లు, కోళ్లు తెచ్చేవాళ్లు, ఉత్త చేతులతో వచ్చేవాళ్లు. మా పొయ్యి మళ్లీ ఆరలేదు.

ఆ మొదటి రోజు దవాఖాన మెట్ల దగ్గర అందరూ దిగిపోయారు. ముసలమ్మ దిగి, సీటు మీద అరచేయి ఆనించి, పోయొస్తమని చెప్పి కోడలి వెనక పరుగెత్తింది. బాపు వెనక తలుపు పట్టుకుని, పట్నంలో నేర్చుకున్న తీరునే కండ్లు నేలకు దించుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఎవరూ లేరు. అయినా ఆయన వెంటనే తలుపు వెయ్యలేదు.