థోర్ మేకల్ని నేను ముక్కలు కొట్టిన రోజు

మొన్న శనివారం, ఇప్పుడు మేముంటున్న క్యారీ ఊళ్ళో, మా అమ్మాయి వంటింట్లో, జునిపర్ కాయల పొట్లం విప్పి నాలుగు కాయలు అరచేతి కింద నలిపాను. నల్లగా, మిరియం కన్నా కాస్త పెద్దగా ఉంటాయి. నలిపితే కర్పూరానికీ పచ్చి చెక్కకీ మధ్య రకం వాసన వస్తుంది. మనవరాలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఆస్ట్రిడ్ గారు వచ్చి పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. నడుం మీద చేతులు, నేను నలిపింది చాలదన్నట్టు ఒక చూపు.

డెబ్భైల చివర్లో నా భార్య సుశీల నర్సు ఉద్యోగం మీద మిన్నెసోటాకి వచ్చింది, వెనకాలే నేను వచ్చాను. తెనాలి దగ్గర స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ చిన్న ఊళ్ళో ఆస్పత్రి కాక ఉన్నది ఒక కాలేజీ, ఎప్పుడో నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కట్టుకున్నది. అందులో నాకు దొరికింది వంటగదిలో పని. ఆ సంగతి మా తెలుగువాళ్ళెవరికీ తెలియదు. నెలకోసారి మినియాపోలిస్‌లో ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే, నేను నోరు తెరవకముందే సుశీల "కాలేజీలో చేస్తున్నారండీ" అనేసి మాట మార్చేది. అమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ వెంటనే, నా భార్య కూడా నా పని చూసి సిగ్గుపడుతోందని కుమిలిపోయేవాణ్ణి.

ఆస్ట్రిడ్ గారు ఆ వంటగదికి పెద్ద. అరవైకి దగ్గర్లో ఉండేవారు, ఆరడుగుల మనిషి, మాటలు తక్కువ. చేరిన కొత్తల్లో ఒకరోజు నేను చేసిన చారులాంటి బఠాణీ సూప్ తాగి, ఎవరో పెద్దమనిషి మెచ్చుకోవడానికి లోపలికి వచ్చాడు. నేను గబగబా గిడ్డంగిలోకి తప్పుకున్నాను. ఆవిడ అక్కడికే వచ్చారు.

"ప్రభుదాస్, సూప్ ఎవరు చేశారని అడుగుతున్నాడు."

"మీరే చేశారని చెప్పేయండి."

"నేను చెయ్యలేదు కదా. నువ్వు చేసింది నా నెత్తిన ఎందుకు పెడతావు?"

మాటకి మొహమాటం పూత పూయడం ఆవిడకు రాదు. మొదట్లో నాకు అది గిట్టేది కాదు.

ఏటా చలికాలం ముందు ఆ కాలేజీలో, వాళ్ళ పూర్వీకులైన పాతకాలపు ఓడవీరుల పేరిట, వైకింగ్ విందు జరిగేది. పొడుగాటి బల్లలు, ఫోర్కులు లేకుండా చేత్తో తిండి, అట్టతో చేసిన కొమ్ముల టోపీలు. చేత్తో తినడం గొప్ప సాహసమని వాళ్ళు మురిసిపోతుంటే నాకు నవ్వొచ్చేది. ఆ విందుకి ఒక ఆచారం ఉంది. మాంసం వండినవాళ్ళు అందరి ముందుకీ వెళ్ళి తమ పేరు, వండిన తీరు చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టరు. నేను చేరిన మూడో ఏడు ఆస్ట్రిడ్ గారు, "ఈసారి మాంసం నీది" అన్నారు.

"వండుతాను. బయటికెళ్ళి చెప్పడం మాత్రం మీరు..."

"వండినవాడే చెప్పాలి."

విందు రోజు పొద్దున ఆవిడ రొట్టెల పని మీద బయటికి వెళ్తూ, "మేకల్ని కుండకి సిద్ధం చెయ్యి" అన్నారు. ఎవరో రైతు పంపిన రెండు మేకలు, తోళ్ళు విడిగా మడిచి ఉన్నాయి. నాకు ఉత్సాహం వచ్చింది. పెద్ద కత్తి తీసి, మనం కొట్టినట్టే ఎముకతో సహా ముక్కలు కొట్టాను. మూలుగ పులుసులోకి దిగాలని తొడ ఎముకలు ఒక్కొక్కటీ చితక్కొట్టాను. రెండు గంటల పని. ఆవిడ తిరిగొచ్చేసరికి పళ్ళేల నిండా సమంగా ముక్కలు పేర్చి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను.

ఆవిడ చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

అప్పుడు చెప్పారు కథ. ఉరుముల దేవుడు థోర్ రథాన్ని రెండు మేకలు లాగుతాయట. రాత్రి బస చేసిన చోట ఆయన వాటినే కోసి వండి అందరికీ పెడతాడు. షరతు ఒక్కటే, ఎముక విరగకూడదు. ఎముకలన్నీ తోలు మీద పేరిస్తే, తెల్లారి సుత్తి ఎత్తగానే మేకలు లేచి నిలబడతాయి. ఒకసారి ఒక రైతు కొడుకు మూలుగ కోసం తొడ ఎముక చీల్చాడు. మర్నాడు మేక కుంటుతూ లేచింది, దేవుడు మండిపడ్డాడు. ఆ విందంతా ఈ కథ కోసమే. చివర్లో ఒక కుర్రాడు థోర్ వేషంలో వచ్చి ఎముకల మీద సుత్తి ఎత్తుతాడు. అక్కడ పుట్టినవాళ్ళకి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలిసిన కథ కాబట్టి నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అంతకు ముందు రెండేళ్ళూ మాంసం ఆవిడే చూసుకున్నారు, నేను వెనక గిన్నెలు కడుగుతూ విందు చివరిదాకా చూడనే లేదు.

"మాంసం కొట్టువాడు పొరపాటున కొట్టేశాడని చెబుదాం" అన్నాను.

"అతనికీ ఈ ఊళ్ళో పరువుంది" అన్నారు ఆవిడ. తర్వాత కాస్త మెత్తగా, "చెప్పకపోవడం నా తప్పు. అది నేను ఒప్పుకుంటాను. కొట్టింది నువ్వు. అది నువ్వు చెప్పు. ముందు మంట పెట్టు."

ఉప్పు, నలిపిన జునిపర్ కాయలు పట్టించి, ఉల్లిపాయలతో ఎర్రగా వేయించి, నల్ల బీరూ తేనే పోసి నాలుగు గంటలు సన్న సెగ మీద ఉంచాను. మూలుగ దిగి పులుసు చిక్కబడింది. ఆవిడ గరిటెతో రుచి చూశారు, మళ్ళీ చూశారు.

రెండు వందల మంది ముందు నిలబడ్డాను. "నా పేరు ప్రభుదాస్. ఈ మాంసం నేను వండాను. ఎముకలు విరగ్గొట్టింది కూడా నేనే. మా ఇళ్ళల్లో మూలుగ ఎముక చుట్టానికి వేస్తాం. మీ కథ నాకు తెలియదు. రేపు మేకలు కుంటుతూ లేస్తే ఆస్పత్రికి పంపండి, నా భార్య అక్కడ నర్సు."

హాలంతా నవ్వులు. ఒక ముసలి ప్రొఫెసరు తొడ ఎముక అందుకుని, బల్ల మీద తట్టి, మూలుగ జుర్రాడు. అంతే, అందరూ ఎముకల కోసం చేతులు చాచారు. థోర్ వేషం కుర్రాడు సుత్తి ఎత్తి, హాలంతా తనే కుంటుతూ తిరిగాడు. ఆస్ట్రిడ్ గారు మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి గుమ్మంలో నిలబడి, పక్కనున్నావిడతో, "మా వంటగది మనిషి" అంటున్నారు. ఆ మాట నా చెవిన పడింది. అంత గర్వంగా నన్ను గురించి అంతకు ముందు ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మరుసటి ఏడాది నుంచి ఒక మేక కథ కోసం, ఒక మేక నా పద్ధతిలో. ఆవిడ రిటైరయ్యేటప్పుడు వంటగది నా చేతిలో పెట్టారు.

కానీ నాకు అసలు విందు, ఎముకలు విరగ్గొట్టిన ఆ నెలలోనే, ప్రార్థన కూటంలో అయింది. కొత్తగా వచ్చిన డాక్టరుగారు, "మీరు కాలేజీలో ఏ డిపార్ట్‌మెంట్‌లో వర్క్ చేస్తారండీ?" అని అడిగారు. సుశీల అందుకోబోయింది. నేను ఆపి, "కిచెన్‌లోనండీ. వంటవాణ్ణి" అన్నాను. ఆయన తల ఊపి, పిల్లల స్కూళ్ళ గురించి మాట్లాడసాగారు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

తిరిగొస్తూ కార్‌లో సుశీల, "మీరు చిన్నబుచ్చుకుంటారని నేనే అడ్డం పడేదాన్నండీ. నాకు ఒక్కరోజు కూడా నామోషీ అనిపించలేదు" అంది. రోడ్డు కనబడక కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

ఆస్ట్రిడ్ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఇక్కడ క్యారీలో చర్చి కుర్రాళ్ళు, "అంకుల్, రిటైర్ అవకముందు మీరేం చేసేవారు?" అని అడుగుతుంటారు. సుశీల నా వైపు చూసి ఊరుకుంటుంది. వంటవాణ్ణన్న మాట నేనే చెప్పాలని తనకు తెలుసు.