చిరునామా చెప్పారా, అత్తా?

లుకాంగ్ రేవుపట్నంలో బావోజూ అత్తకి వినపడని మాట ఒకే ఒక్కటుంది. దేవుడు చెప్పే "కాదు".

సముద్రదేవత గుళ్ళో చంద్రవంక చెక్కలు రెండు పైకెగరేసి దేవుణ్ణి అడగడం అక్కడి అలవాటు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ఔను. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే దేవుడు నవ్వాడని, ఏదీ తేల్చలేదని. మిగతా జనం ఒకసారి అడిగి ఇంటికి పోతారు. అత్త మాత్రం బేరం మొదలుపెడుతుంది. "కాదా? బయట స్కూటర్ల గోల, సరిగ్గా విన్లేదు తల్లీ, మళ్ళీ విను!" సముద్రదేవత అప్పటికీ ఒప్పుకోకపోతే, వెనక మండపంలోని గ్వాన్‌యిన్ బోధిసత్వుడి దగ్గర అప్పీలు. దేవత ముఖం నల్లబడింది ధూపం పొగకని పూజారులంటారు. కాదు, అత్తని తట్టుకోలేక! ఊళ్ళో ఎవరినైనా అడగండి.

అలాంటి అత్త ఉన్న ఇంటికి కోడలు కావాలని వచ్చింది హ్వేయిన్. అత్త మేనల్లుడు వెన్‌షు మనసిచ్చిన పిల్ల, చర్చిలో పాటలు పాడే పిల్ల. పూర్వీకుల పీఠం ముందు అగరొత్తులు పట్టనంది. ఇంటిపెద్ద, వెన్‌షు పెదనాన్న తియెన్‌ఫూ అడ్డం తిరిగాడు.

"పోయిన పెద్దల్నే అడుగుదాం. వరసగా మూడు ఔనులొస్తే పెళ్ళి. లేకపోతే లేదు."

పీఠం ముందు చెక్కలు విసిరాడు. రెండూ బోర్లా పడ్డాయి.

"అయిపోయింది," అన్నాడాయన.

"ఏం అయిపోయిందన్నయ్యా?" అత్త నిలదీసింది. "చిరునామా చెప్పావా?"

పెదనాన్న చెప్పలేదు. పేరూ చిరునామా చెప్పకుండా అడిగితే ఆ లెక్క చెల్లదు.

"మనం కొత్తింటికి మారి ఏడాదైనా కాలేదు. వాళ్ళు పాతింట్లోనే వెతుక్కుంటున్నారేమో, పాపం!"

కొంగు బిగించినట్టు చొక్కా చేతులు పైకి మడిచి, వీధి పేరు, తలుపు నంబరు చెప్పింది. "ఈ పిల్ల అగరొత్తులు పట్టదు, పువ్వులు తెస్తుంది. సరేనా?" విసిరింది. కాదు. "సముద్రపు గుల్లల మాంసంతో అట్టు కూడా వేస్తుంది." నవ్వు. "చూశారా, నోరూరింది! పిల్లవాణ్ణి బ్రహ్మచారిగా ఉంచితే రేపు మీకు ధూపం వేసేదెవరు? బాగా ఆలోచించుకోండి."

ఔను. మళ్ళీ ఔను. మూడోసారి ఒక చెక్క బల్ల కిందికి దొర్లింది. పెదనాన్నే నేలమీద పాకి, చాలాసేపు చూసి, బయటికొచ్చాడు.

"ఔను," అన్నాడు మోకాళ్ళు దులుపుకుంటూ. "గుల్లలు తాజాగా ఉండాలి."

వీధంతా టపాకాయలు మోగాయి.

పెళ్ళైన వసంతంలో అత్తకి తోడుగా గుడికెళ్ళింది హ్వేయిన్.

"మీ చర్చిలో ఏం విసురుతారే?"

"ఏమీ విసరం అత్తా. అడిగి ఎదురుచూస్తాం."

"కాదన్నాడని తెలిసేదెలా?"

"తెలీదు. అడుగుతూనే ఉంటాం."

"భలే! నా పద్ధతే."

అప్పుడు అత్త తనకోసం అడిగింది: దేవత ఊరేగింపు వెంట కాలినడకన వెళ్ళాలని చిన్నప్పటి నుంచీ కోరిక, ఈసారి వెళ్ళనా అని. రెండూ బోర్లా పడ్డాయి. చప్పుడు చెయ్యకుండా చెక్కలు తీసి, వాటి చోట పెట్టేసింది.

"అదేమిటత్తా, ఒక్కసారేనా?"

"నా గురించి ఆవిణ్ణి విసిగించడమెందుకే! వీధిలో వాళ్ళ పనులన్నీ ఆవిడ నెత్తినే పెట్టాను. ఏటా ఇంతే, పద."

హ్వేయిన్ కదల్లేదు. చెక్కలు తను ముట్టుకోదు. నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం అత్తలాగే అడిగింది.

"చిరునామా చెప్పారా, అత్తా?"

అత్త ఆగింది. కళ్ళు మెరిశాయి. చొక్కా చేతులు మడిచి మళ్ళీ చెక్కలందుకుంది.

పైన దేవత నిట్టూర్చింది. పూజారిని అడగండి, ఆయనా విన్నాడు.