తీగె చుట్టిన గ్లాసు

మెసైమీర్ కూలీల క్యాంపులో పోశన్న చేసేది తాపీ పని, తాను చేస్తున్నాననుకునేది రాయబారం. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళు. నేపాలీలతో బాత్రూము తగువైనా, బెంగాలీలతో వంటగది పంచాయితీ అయినా, మెడలో తువ్వాల వేసుకుని బయల్దేరాల్సింది అతనే. "దుబాయ్‌ల నా మాటకు ఎదురు లేదురా" అనేవాడు. ఉన్నది ఖతర్‌లోనే అయినా, గల్ఫ్ అంతటినీ దుబాయ్ అనే ఊరి అలవాటు ఎక్కడికి పోతుంది!

ఈసారి పని పెద్దది. అంతస్తులో నీళ్ళ కూలర్ చెడిపోయి నెలయింది. మే నెల ఎండకు కుళాయి తిప్పితే నేరుగా టీపొడి వేసుకోవచ్చు. క్యాంప్ బాసేమో అంతస్తులో అందరూ సంతకం పెడితేనే కొత్త కూలర్ అన్నాడు. అందరూ పెట్టారు, కెన్యా వాళ్ళ రూములో తొమ్మిదిమంది తప్ప. వాళ్ళు కాగితం చూసి, నవ్వి, తిప్పి పంపారు.

"నల్లోళ్ళతోని మాట్లాడుడు మీతోని గాదు, నేను పోత" అని పోశన్న గడ్డం గీసుకుని మరీ వెళ్ళాడు.

వాళ్ళ పెద్ద ఒటియేనో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అందరివీ మామూలు కప్పులు. పోశన్న కప్పుకు మాత్రం, సైట్లో కడ్డీలు కట్టే ఇనుప తీగె ముచ్చటగా మూడు చుట్లు. పోశన్న ఛాతీ ఉబ్బిపోయింది. చూశారా, రాయబారికి ప్రత్యేక మర్యాద! మీసం తడుముకుంటూ చివరి చుక్కదాకా తాగాడు.

"ఇక కడుగు భాయ్" అన్నాడు ఒటియేనో గల్ఫ్ హిందీలో. "కడిగి, గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టు. మీ రూములో గంగన్నకు చేసేది ఇదేగా? మీ మర్యాద మీకే చేశాం. సేమ్ సేమ్."

రూమంతా ఘొల్లున నవ్వింది.

గంగన్నదీ పోశన్న ఊరే, మాదిగవాడ. ఈనాటికీ పోశన్నను పేరు పెట్టకుండా "పటేలా" అనే పిలుస్తాడు. ఊరి హోటల్లో ఆ వాడకు వేరే గ్లాసులుండేవి. ఆ పద్ధతి కూడా విమానం ఎక్కి వచ్చినట్టుంది, క్యాంపులో గంగన్న గ్లాసు గుమ్మం బయటికి చేరింది. గుర్తుకోసం దానికి తీగె చుట్టింది పోశన్నే. గంగన్న వచ్చిన ఈ ఎనిమిదేళ్ళలో ఏనాడూ అది తప్పని తోచలేదు. ఇప్పుడు తొమ్మిదిమంది ముందు ఎంగిలి కప్పు పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాడు.

"సొంత ఊరివాడినే బయట పెట్టారు" అన్నాడు ఒటియేనో, ఈసారి నవ్వకుండా. "రేపు కూలర్ వస్తే మాకు వేరే కుళాయి పెట్టరని నమ్మేదెట్లా?"

రాయబారి లేచాడు. కప్పు కడిగి, చెప్పుల పక్కన పెట్టి వచ్చేశాడు.

వచ్చీ రాగానే గుమ్మం బయటి గ్లాసు తెచ్చి, తీగె విప్పి, మిగతా గ్లాసుల్లో కలిపేశాడు. రూములో చిన్నవాడు రత్నాకర్ లబలబలాడాడు. "ఏందన్నా గిది! ఏది ఎవలదో ఎట్ల తెల్వాలె?"

"తెల్వద్దనే కలిపిన. తాగితే తాగు, లేకుంటె ఊకో."

రత్నాకర్ రెండురోజులు టీ మానేశాడు. మూడోరోజు తలనొప్పి వచ్చి తానే రెండు గ్లాసులు తాగాడు.

శుక్రవారం ఒటియేనో టీకి వచ్చాడు. కాగితం ముందుంది, కలం చేతిలో ఉంది, చూపు మాత్రం గంగన్న మీద ఉంది. గంగన్న తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. కడగడానికి లేస్తాడని అందరూ చూశారు. లేవలేదు. గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు.

పోశన్నకు అర్థమైంది. ఆ గ్లాసు తీసుకెళ్ళి కుళాయి కింద రుద్ది రుద్ది కడిగి, తెచ్చి గంగన్న ముందు పెట్టాడు. అప్పుడు ఒటియేనో సంతకం పెట్టాడు, మిగతా ఎనిమిదిమందితోనూ పెట్టిస్తానని కాగితం తీసుకెళ్ళాడు.

"గంగన్నా, వాళ్ళకు గా తీగె సంగతి ఎవలు చెప్పిండ్రురా?" అని అతను వెళ్ళాక పోశన్న అడిగాడు.

"చెప్పుడేంది, కప్పుకు చుట్టింది నేనే. దినాం కడ్డీలు కట్టేటోన్ని, నీకంటె మంచిగ చుట్టిన" అని గంగన్న కడిగిన గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంకింత పొయ్యి, పోశన్నా."