పెత్రమాసకు ఏ ఆట పెట్టాలె

"ఫోన్ చార్జింగ్ పెట్టు" అన్నడు మా ఇంటాయన.

"కరెంటు లేదు" అన్న.

"వచ్చినంక పెట్టు. మర్చిపోకు."

"ఫోన్ ఫికరే గని మందుగోలీల ఫికర్ లేదు నీకు" అన్న.

ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవే. కరెంటు వచ్చింది, గల్లీల సాంచెల చప్పుడు షురువైంది. ఫోన్ చార్జింగ్ పెట్టి, చాయ్ తాగుతవా అని లేపబోయిన. లేవలే.

బతుకంత సాంచెల మీద బట్ట నేసిన మనిషి. ఊపిరి సక్కగ ఆడక పని బంద్ చేసిండు. బీడి ఇడిసిండు, కల్లు ఇడిసిండు. మిగిలింది మంచం, చేతిల ఫోను, ఫోన్ల ఆటలు. పొద్దంత అవే. పక్కన నేను దారం కండెలు చుట్టుకుంట కూసుంటే ఆయన మొఖం మీద ఎర్ర వెలుగు, పచ్చ వెలుగు ఆడేది. నాకు సదువు రాదు, ఫోన్ అంటే ఎత్తి మాట్లాడుడే తెలుసు.

ఇంతల పెత్రమాస దగ్గరికొచ్చింది. పోయినోళ్ళకు ఇష్టమైనయి వండి ఆకుల పెట్టే అమాస. ఆయనకు ఇదే మొదటి పెత్రమాస. మా మరిది పెండ్లాం, నా యారాలు, వాకిట్ల కూసోని, "బావకు కల్లు సీస, బీడికట్ట పెడుదాం అక్కా" అన్నది.

"ఇడిసిపెట్టినయి పెడితే ముడుతడా?"

"మరేం పెడుతవ్, ఫోన్ పెడుతవా?" అని నవ్వింది.

"పెడుత" అన్న. అట్ల నోట్లెకెళ్ళి వచ్చింది.

అన్నగని, ఏ ఆట? ఫోన్ నిండ ఆటలే. మనసుకు పట్టనిది పెడితే వచ్చిన మనిషి ఆకు ముట్టకుండ పోతడు. గా భయం నన్ను పట్టుకున్నది. మా చెల్లె బిడ్డ ఆసిఫాబాద్‌ల నర్సు, సెలవు మీద వచ్చి ఉండె. "ఒక్కొక్కటి ఆడి చూడు పెద్దమ్మా, ఎట్లున్నదో నువ్వే చెప్పు" అన్నది. ఏలు ఎక్కడ పెట్టాలెనో చూపించింది.

ముందుగాల మిఠాయిల ఆట. రంగురంగుల మిఠాయిలు వరుసకు కలిపితే పటపట పగులుతయ్. ఆ రంగులు ఏ అద్దకంల సుత చూడలే నేను. కండ్లకు బాగున్నది. గని షుగర్ ఉన్న మనిషికి మిఠాయిలేంది? పక్కకు పెట్టిన.

ఉరికే పోరగాని ఆట. రైలు పట్టాల మీద ఉరుకుతనే ఉంటడు, ఎనుక పోలీసు. ఏం దొంగతనం చేసిండో ఎవ్వలు చెప్పరు. ఆగితే ఆట ఖతం. మంచంల నుంచి గడప దాక పోతే దమ్మొచ్చే మనిషి గిండ్ల గింత దూరం ఉరికిండా అని చూస్కుంట ఉన్న. ఆయన ఎంత దూరం ఉరికిండో ఫోనే రాసి పెట్టింది. మా చెల్లె బిడ్డ సుత అంత దూరం పోలేకపోయింది. మంచి ఆటనే. గని వచ్చేది ఒక్క పూట, ఆ పూటన్న కూసోని తిననియ్యరా?

ఇటుకలు పడే ఆట. పైనుంచి పడ్డయి సందు లేకుండ పేర్చాలె. పోగు దప్పకుండ చూసే కన్ను నాది, బాగనే ఆడిన. గని వరుస నిండంగనే మాయమైతది. నేసిన బట్ట నేసినట్టే మాయమైతే నేసెటోనికి ఏం మిగులుతది? గీ ఆట చేసినోనికి సాంచ తెల్వదు.

ఎవుసం ఆట. ఇత్తు పెట్టి నీళ్ళ మీద ఏలు పెడితే చాయ్ తాగేలోపు పంట. అడివి పంది రాదు, వాన ఎగ్గొట్టదు. మొత్తం అబద్ధం. గని ఎంత సక్కని అబద్ధమో. ఆయన ఏసిన పొద్దుతిరుగుడు చేను ఇంక అట్లనే నిలవడి ఉన్నది, ఒక్క పువ్వు వాడలే. చానసేపు చూసిన.

తుపాకుల ఆట. ఇమానంల నుంచి దుంకుతరు. కింద కొండలు, వాగులు, ఇండ్లు, అన్నీ అరచేతిల పట్టేటంత. ఒళ్ళు జల్లుమన్నది. దేవునికి మనం గిట్లనే కనిపిస్తమా అనుకున్న. దిగినంక ఒకల్నొకలు కాల్చుకునుడే. నేను ఒకింట్ల పోయి కూసున్న, అక్కడికొచ్చి కాల్చిండు ఎవడో. దిగేదాక దేవుని ఆట, దిగినంక దయ్యాలది.

ఆఖరికి పడవ ఆట. ఒక్కడే మనిషి, చిన్న పడవ. మాట లేదు, కొట్లాట లేదు. గాలి ఎటుంటే అటు తెరచాప తిప్పాలె. చుట్టు నీళ్ళు. మంథని కాడ గోదారి చూసిన నేను, దానికి అవతలి ఒడ్డున్నది. గీ నీళ్ళకు లేదు. పడవ కిందికెళ్ళి మా ఇల్లంత చేప మెల్లగ పోయింది. నేను ఫోన్ కింద పెట్టి దండం పెట్టిన. మా చెల్లె బిడ్డ నవ్వలే.

"ఇదే" అన్న. గాలి మొత్తం గీ ఆటలనే ఉన్నది. ఊపిరాడని మనిషి ఇంకేడ కూసుంటడు?

మా యారాలుకు చెప్పిన. ఆమె బియ్యం చెరుగుకుంట, "పెద్దలకు పెట్టేదాన్ని ఉప్పు సుత చూడం గదా. నువ్వు ఆడి, ఎంగిలి చేసి పెడుతవా అక్కా?" అన్నది.

నిజమే గదా. అన్నీ ఆడి ఆడి ఎంగిలి చేసిన. పెత్రమాస ఇంక రెండు దినాలే ఉన్నది.

మా చెల్లె బిడ్డ ఫోన్ అటిటు తిప్పి చూసింది. "పెద్దమ్మా, పెదబాపు గీ తుఫాను కాడ ఆగిండు. దీని అవతలిది తాళం పడి ఉన్నది. దాన్ని ఎవ్వలు ఆడలే" అన్నది.

"తియ్యి మరి."

"తుఫాను దాటితేనే తెరుచుకుంటది. నేను దాటాల్నా, నువ్వు దాటుతవా?"

నేనే పట్టుకున్న. పడవ మునిగింది, మల్ల ఎక్కిన, మల్ల మునిగింది. పొయ్యి మీద కూర మాడింది. మా యారాలు వచ్చి, "ఎడమకు తిప్పక్కా, ఎడమకు, గాలి గటు కొడుతున్నది కనవడతలేదా" అని నా కంటె ఎక్కువ పరేషానైంది. దారం తెగేటట్టున్నప్పుడు కండె ఎట్ల వదులు చేస్తమో తెరచాపను అట్ల వదులు చేసిన. పడవ లేచింది. తాళం ఊడింది. తెల్లటి పొద్దు, నీళ్ళ మీద ఎండ, అంచున పడవ. నేను ఏలు తీసేసిన. ఎవ్వల్ని ముట్టనియ్యలే.

పెత్రమాస నాడు ఆకుల అన్నం, పప్పు, గారెలు పెట్టి పక్కన ఫోన్ పెట్టినం. వెలుగు ఆరకుండ మా చెల్లె బిడ్డ ఏదో చేసింది. మరిది దండం పెట్టుకుంట దిక్కు దిక్కు చూసిండు. ఎవ్వలు ముట్టుకోకున్నా నీళ్ళు కదులుతనే ఉన్నయ్, తెరచాప ఉబ్బుతనే ఉన్నది. మా యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఎంత పెద్దగున్నది అక్కా" అని మెల్లగ అన్నది. అందరం బయటికొచ్చి తలుపు దగ్గరకు ఏసినం, ఆయన మనసు తీర ఆడుకోనీ అని. తినెటప్పుడు మనం చూడం గదా.

ఇగ సాలు, రాసుడు ఆపు బిడ్డా. మొదటికెళ్ళి జర చదివి ఇనిపియ్యి.