మెడలో రబ్బరు గొట్టం

మెకానిక్ ఆరోగ్యం ఏదీ పారేసే మనిషి కాదు. దుమ్ముగూడెంలో ఆయన షెడ్డు చూస్తే అది మెకానిక్ షెడ్డో, పాతసామాను కొట్టో పోల్చుకోలేం. ఎవరో వదిలేసిన విదేశీ డీజిల్ కారును లేపి నడుపుతున్న ఘనుడు మరి! దాని ఏసీలో పగిలిన సన్న గొట్టం స్థానంలో మిరపతోట డ్రిప్పు పైపు ముక్క తొడిగి, ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఆ మే మధ్యాహ్నం అదే కారులో భార్య ముత్యాలమ్మను భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తున్నాడు. ఆమెకు ఆస్తమా. పీల్చే మందు పనిచేయలేదు. అడవి దారిలో ఒక లారీ అడ్డంగా చెడిపోయి బండ్లన్నీ ఆగిపోయాయి. అద్దాలు దించితే ఎర్రదుమ్ము, ఎత్తితే ఉడుకు. చల్లగాలి ముందద్దానికి కొడుతోందే తప్ప ఆమె మీదకు రావట్లేదు. ఆమె పెదవులు నల్లబడుతున్నాయి.

ఇంజన్ వేడెక్కుతోందని, ఆపడానికి ఆరోగ్యం తాళం తిప్పాడు. ఆగలేదు. ఆ బండిలో ఇంజన్‌ను ఆపేదీ, ఏసీ గాలిని దారి మళ్లించేదీ ఒకే వాక్యూమ్, అంటే సన్న గొట్టాల్లోంచి గాలిని లాగేసే పీల్పు. అది ఎక్కడ లీకైనా రెండూ పనిచేయవు.

"ఎక్కడ్నో లీకైతుంది ముత్యాలూ. జర ఓపిక పట్టు."

బానెట్ ఎత్తి, ఏసీ వైపు పోయే గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టాడు. ఇంజన్ ఠక్కున ఆగింది. అయితే లీకు కారు లోపలే! మళ్లీ స్టార్ట్ చేసి, ఆమె సీటు ముందున్న సామాన్ల అర ఊడబీకి, మెడలో వేలాడే రబ్బరు గొట్టం కొసను చెవిలో పెట్టుకున్నాడు. పెళ్లికి ముందు నుంచీ బండ్ల రోగాలు ఆయన వినేది దాంతోనే. ఎవరినీ ముట్టుకోనివ్వడు. రెండో కొసను ఒక్కో అతుకు దగ్గరా ఆనించాడు. పక్కన ఆమె పిల్లికూతలు. ఏది లీకో, ఏది ఆమె ఊపిరో తేలడం లేదు. "ఒక్కసారి ఊపిరి బిగబట్టు" అనబోయి నాలుక కరుచుకున్నాడు.

చివరికి స్స్‌మంది. మిరపతోట పైపే. వేడికి బిరుసెక్కి అతుకు దగ్గర నోరు తెరిచింది. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వేరే గొట్టం లేదు. మెడలోది తీసి, బ్లేడుతో కోసి తొడిగాడు. లోపల గాలిని మళ్లించే మూత టక్కున తిరిగి, చల్లగాలి ఆమె ముఖాన పడింది. కాసేపటికి ఊపిరి కొంచెం అందింది. ఈలోగా దారికి అడ్డంగా ఉన్న లారీని పక్కకు లాగారు.

"దాన్ని కోసినవా?" అంది ముత్యాలమ్మ.

"అవ్."

"మరి మొదలే గా గొట్టం ఎందుకు పెట్టలే?"

డ్రిప్పు పైపు తొడిగిన రోజు దాన్ని కోయడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ మాట ఆమెతో ఎట్లా అంటాడు? గేరు వేసి, దారి మీద నుంచి చూపు తిప్పకుండా కారు కదిలించాడు.