పెద్దబాపు మూడేళ్లు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక రాజ్యం ఉంది, దానికి ఎదురు నిలిచిన ఒక ఒంటరి స్త్రీ ఉంది, చనిపోయాక కూడా వయసు పెరుగుతూ పోయిన ఒక ఆజానుబాహువు ఉన్నాడు, నది దాటి చేసిన ప్రయాణం ఉంది, చివర్లో కొంచెం త్యాగం కూడా ఉంది. ఇంత చెప్పాక నిజం చెప్పకపోతే బాగుండదు. రాజ్యమంటే జిల్లా కేంద్రంలో ఒక పెన్షన్ల ఆఫీసు. ఒంటరి స్త్రీ మా పెద్దవ్వ, అంటే మా బాపుకు, అదే మా నాన్నకు, అన్న అయిన పెద్దబాపు భార్య. నది దాటింది ప్యాసింజర్ రైల్లో, అదీ సగం దూరం నిలబడి. జరిగిందల్లా ఏమిటంటే, పెద్దబాపు పోయాక పెద్దవ్వకు వచ్చే పెన్షన్ పదిహేను నెలల పాటు కాస్త ఎక్కువ పడింది, తిరిగి కట్టమన్నారు. అంతే కథ. లేచి వెళ్లిపోయేవాళ్లు ఇప్పుడే వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

మొన్న ఫోన్‌లో ఏదో ఇన్సూరెన్సు ఫారం నింపుతూ పుట్టిన తేదీ దగ్గర ఆగాను. ఏళ్ల పట్టీని వేలితో కిందికి తోస్తే గిర్రున తిరిగి, నేను పుట్టిన ఏడు దాటి, మా బాపు పుట్టిన ఏడు దాటి, పెద్దబాపు పుట్టిన ఏడు దగ్గర నిలబడింది. అది ఏ ఏడని అడిగితే మాత్రం చెప్పలేను. ఆయనకు రెండున్నాయి.

పెద్దబాపు పశువుల దవాఖానలో డాక్టరు కింద పనిచేసే మనిషి. చెన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ని అందరూ డాక్టర్ సాబ్ అనే పిలిచేవాళ్లు. అసలు డాక్టరుకు దీని మీద కొంచెం కష్టంగా ఉండేది. పెద్దబాపు దగ్గరికి వెళ్తే ఫినాయిలు, ఎర్ర సబ్బు, పచ్చిగడ్డి, మూడూ కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నేను వెనక్కి తిరిగి చూస్తాను. ఎక్కువసార్లు అక్కడ ఒక బర్రె మాత్రమే ఉంటుంది. ఆయనకు దేవుడు మిగతా శరీరాన్ని ఒక కొలతతో, చేతుల్ని ఇంకో కొలతతో ఇచ్చాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటే మణికట్టుకు జానెడు పైనే ఆగిపోయేది. మంచంలోంచి లేవకుండా గోడ మీది స్విచ్చి ఆర్పేవాడు. కడుపులో అడ్డం తిరిగిన దూడను బయటికి తీయాల్సి వస్తే రెండు మండలాల అవతలి నుంచి కూడా ఆయన కోసమే బండి వచ్చేది. దూడ కాళ్ల మీద నిలబడ్డాక రైతులు చెంబుతో పాలిస్తే తీసుకునేవాడు కాదు. ఎందుకని అడిగితే, "రేపు గా బర్రె సస్తే, పాలు తాగిన మూతితోని ఏం జవాబు చెప్పాలె రా," అనేవాడు. ఇంట్లో మాత్రం పాలలో నీళ్లెక్కువయ్యాయని రోజూ గొడవ చేసేవాడు.

యాభై ఎనిమిది నిండాయని ఆయన్ని రిటైరు చేశారు. ఆ తర్వాత రెండేళ్ల మూడు నెలలకు, అక్టోబరులో ఒక పొద్దున, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరూ ఒకటే మాట: "అరవై గూడ సూడకపాయె." ఎందుకంటే ఆయన అసలు వయసు ఊళ్లో అందరికీ తెలుసు. సర్కారు లెక్కకంటే మూడేళ్లు తక్కువ. పెద్దవ్వ ఆ మాటను ఆ రోజు విన్నది, పదో రోజు విన్నది, తర్వాత పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, కూరగాయల అంగట్లో ఆరేళ్ల పాటు విన్నది. విన్నప్పుడల్లా కొంగు సర్దుకుని వేరే మాట మాట్లాడేది.

ఆరో ఏడు నోటీసు వచ్చింది. నేనప్పుడు కరీంనగర్‌లో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను, అంటే ఖాళీగా ఉన్నాను. మా వంశంలో ఎవరికి ఏ ఆఫీసు పని పడినా తోడు పోవడం నా హోదా. పెద్దవ్వ ఫోన్ చేస్తే పొద్దుటి బస్సుకు వెళ్లి నోటీసు చదివి చెప్పాను. ఉద్యోగి పోతే, ఆయన బతికుంటే అరవై ఐదేళ్లు ఎప్పుడు నిండేవో చూసి, అప్పటిదాకా భార్యకు ఎక్కువ పెన్షన్ ఇస్తారు. ఆ తర్వాత తగ్గిస్తారు. ఆఫీసువాళ్లు తగ్గించడం మరిచిపోయారు. మనిషి పోయిన రోజున మేమందరం ఆయన వయసు లెక్కపెట్టడం ఆపేశాం. సర్కారు ఒక్కటే ఆపలేదు.

"అరవై ఐదు ఎవలికి నిండినయి రా?" అంది పెద్దవ్వ.

"పెద్దబాపుకే. పోయినేడు జూలై ఒకటిన."

"పోయినోళ్లకు గూడ పుట్టినరోజులు జేత్తరా సర్కారోళ్లు? ఒక మాట చెప్తే పాయసమన్న వండకపోదునా." వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "తప్పు. ఆయినకు గిప్పుడు అరవై మూడే. ఇంగ రెండేండ్లున్నది. నేనెందుకు కట్టాలె? వాళ్లే ఇయ్యాలె నాకు," అని తేల్చేసింది.

నవ్వాను గానీ, ఆమెకు అది నవ్వులాట కాదు. ఆ పెన్షన్‌లోంచే ప్రతి నెలా చిట్టీ కడుతోంది, ఇంటి మీది రేకులు తీసి స్లాబు పోయించాలని. పెన్షన్ తగ్గి, పైన కోత కూడా పడితే చిట్టీ ఉండదు, స్లాబు ఉండదు. ఆయన అసలు వయసు ఒప్పిస్తే రెండూ ఉంటాయి. ఒప్పించాలంటే సాక్షి కావాలి. బతికున్న సాక్షి ఒక్కతే: జమ్మికుంటలో ఉండే మా మేనత్త, పెద్దబాపుకు అక్క. గోదావరి దాటి వెళ్లాం. రైల్లో పెద్దవ్వ కాగితాల సంచిని ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. జమ్మికుంటలో మార్కెట్ యార్డు దాకా పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి, గాలిలో దూది తేలుతోంది, మేనత్త ఇంటి గడప మీద, ఆమె తల మీద, చివరికి మాకిచ్చిన చాయ్ మీద కూడా.

మేనత్త సాక్ష్యం మొదలుపెట్టింది. "నాకు ముందటి పండ్లు రెండు ఊడిన ఏడు పుట్టిండు అల్లుడా వాడు. వాణ్ణి సూసి నేను నవ్వితే, పండ్లు లేని పోరి, పండ్లు లేని పోరడు, ఇద్దరు దొరికిండ్రని మా అవ్వ ఒకటే నవ్వుడు." ముందరి పళ్లు ఊడేది ఏడో ఏట, అంటే ఆమెకంటే ఏడేళ్లు చిన్న. ఆమెకు డెబ్బై. లెక్క సరిపోయింది.

బడి కథ మాకు తెలిసిందే, పెద్దబాపే వందసార్లు చెప్పాడు. ఆ రోజుల్లో పిల్లాడి కుడిచేయి తల మీదుగా పోయి ఎడమచెవిని అందుకుంటే బడి వయసు వచ్చినట్టు. మూడేళ్ల మనిషి చెవి అందుకున్నాడు, పంతులు ఆరేళ్లని రాసి, జూలై ఒకటిన పుట్టించాడు. తన చేతుల పొడుగు అప్పుడే లోకానికి తెలిసిందని ఆయన గొప్ప. కానీ ఆయన చెప్పని ముక్క ఒకటి మేనత్త దగ్గర ఉంది.

"అందలే వానికి," అంది తల దించుకుని. "అవ్వ పత్తి ఏరబొయ్యింది, నేను గూడ పోవాలె. వీణ్ణి సంకనేసుకొని ఎన్ని సాళ్లు తిరగాలె? బడిల ఇడిసిపెడితే పీడ పోతదని, పంతులు పక్కకు తిరిగినప్పుడు నేనే వాని చెయ్యి గుంజి చెవ్వు పట్టిచ్చిన." కళ్లు తుడుచుకుంది. "మూడేండ్ల నౌకరి నేనే తిన్న వానిది. ఇంట్ల కూసున్నంకనే గదా వాని పానం బాగలేకపాయె."

పెద్దవ్వ వదినె చేయి పట్టుకుని కూర్చుంది. నేను ఆ గుంజుడు సంగతి వదిలేసి, మిగతాది అర్జీ భాషలో రాశాను. 'సదరు వ్యక్తి జననము నాటికి నాకు పండ్లు ఊడియుండెను' అన్న వాక్యం నా పరీక్షల చదువుకు దక్కిన ఏకైక ఫలం. మేనత్త వేలిముద్ర వేసింది.

ఆఫీసులో మా ఫైలు చూసే కుర్రాడు నా వయసువాడే. నాకు రెండు మార్కుల తేడాతో చేజారిన ఉద్యోగం లాంటిదే చేస్తున్నాడు, అందుకని మొదట్లో నచ్చలేదు. కాగితం మొత్తం చదివాడు. పండ్ల దగ్గర ఒకసారి నావైపు చూశాడు.

"నేను నమ్ముత అమ్మా," అన్నాడు. "మా తాత గూడ జూలై ఒకటే. గీ బీరువల ఉన్నోళ్లు సగం మంది గా ఒక్క దినమే పుట్టిండ్రు. కానీ నీ ఆధార్ల నీకు అరవై ఐదున్నయి. ఆయనకు అరవై మూడంటే, నువ్వు ఆయనకన్న పెద్దదానివైతవు."

"ఆధార్ల ఏమన్న రాయని. నేనే చిన్నదాన్ని," అంది పెద్దవ్వ. ఆ విషయంలో ఇంకెవరూ మాట్లాడే వీలు లేకుండా అంది.

అతను గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతమ్మా. గీ కాగితం తీసుకుంటే, ఆయన సర్వీసంత తప్పు వయసు మీద చేసిండని నువ్వే రాసిచ్చినట్టు. ఫైలు పైకి పోతది. పైనోళ్లు ఏమంటరో నాకు తెల్వది. సోచాయించుకో, జర ఆలోచన చెయ్యి."

నేను వాదించబోయాను. పెద్దవ్వ మోచేత్తో పొడిచింది. టేబుల్ మీది పేపర్‌వెయిటును చూస్తూ కూర్చుంది. చెంబెడు పాలు తీసుకోని మనిషి పేరు పక్కన ఆ మాట ఎలా ఉంటుందో చూసుకుంటోందని అనుకున్నాను. అది కొంతవరకే నిజం.

"కొడుకా, మీ లెక్కల ఆయిన ఎన్నేండ్లకు పోయినట్టు?"

అతను ఫైలు తిప్పాడు. "అరవై నిండి మూడు నెలలకు."

"అరవై నిండినయా?"

"నిండినయమ్మా."

"కాగితం మీద ఉన్నదా గట్ల?"

అతను ఫైలు ఆమెవైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. పెద్దవ్వకు చదవడం అంతంతమాత్రం, కానీ అంకెలు వస్తాయి. చూసింది. మేనత్త వేలిముద్ర ఉన్న కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, రవికెలో దోపుకుంది. "కోసుకోండ్రి బిడ్డా. ఏడ సంతకం పెట్టాలె?" అంది. ఆ సంతకం నేర్పింది పెద్దబాపే. రెండో అక్షరం ఆయనదిలాగే కొంచెం పొడుగ్గా సాగుతుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "పైసలదేమున్నది రా. మూడేండ్లు ఎక్కువ బతికిండు," అంది. అదే లెక్కన ఆయన పుట్టేనాటికే మూడేళ్ల పిల్లాడై ఉండాలి కదా అని నాకొక జోకు నోటిదాకా వచ్చింది. మంచి జోకేమీ కాదు, అయినా నా అలవాటుకు అది బయటపడాలి. మింగేశాను. ఆ రాత్రి ఫోన్లో ఇదంతా మేనత్తకు చెప్పాను. "అయితే నేను గుంజింది ఉత్తగ పోలే," అంది.

చిట్టీ ఆగిపోయింది. ఇల్లు రేకుల కిందే ఉంది. వాన పడితే ఇప్పటికీ లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు, అరుచుకోవాలి. ఊళ్లో ఎవరైనా పాత మాట ఎత్తితే పెద్దవ్వ కొంగు సర్దుకోదు. "అరవై నిండినంకనే పోయిండు, సర్కారు కాగితమున్నది," అంటుంది. దూలం మీద పెద్దబాపు పెట్టిన సూదుల డబ్బా, పొడుగు రబ్బరు తొడుగులు, ఒక చెక్క పెట్టె ఇంకా ఉన్నాయి. దించుదామంటే స్టూలు వేసుకున్నా ఎవరికీ అందవు. నేను స్టూలెక్కి చేయి చాచి చూస్తుంటాను. వేలికి దూలం తగులుతుంది, డబ్బా తగలదు. ఆయన అరవై ఏళ్ల మనిషా, యాభై ఏడేళ్ల మనిషా అన్నది నాకు పట్టదు. నాకు కావలసింది ఆ చేయి. ఒక మనిషి ఎంతకాలం ఉన్నాడన్నది ఆయన పోవడంతో తేలిపోతుందనుకునేవాణ్ణి. మిగిలినవాళ్లు ఏ లెక్కకు సంతకం పెడితే, కాలం అక్కడిదాకా జరుగుతుంది.

రికవరీ మొత్తం పద్దెనిమిది కిస్తులు. రౌండు చేయడం వల్ల ఆఖరి కిస్తు ఏడు రూపాయలు తక్కువ.